ఖాళీ బీడీలు

పుణేలో డాక్టరమ్మ చేతికి నేనిచ్చిన కాగితంలో మూడేళ్ళ గడులు తెల్లగా ఉన్నాయి. నెలకొక గడి. ఫిట్స్ వచ్చిన తేదీకి ఎర్ర పెన్సిల్ గీత, పక్కన ఎన్ని నిమిషాలన్నది. పదిహేనేళ్ళకు సరిపడా గడులు స్కేలు పెట్టి గీసి, డైరీల్లోంచి ఒక్కొక్కటే ఎత్తి రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆమె ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, "కాకా, ఇంత శుభ్రంగా రాసి తెచ్చినవాళ్ళు నాకు ఇంతవరకు దొరకలేదు" అని మరాఠీలో అంది. నేను చేతులు కట్టుకొని ఆ మాట విన్నాను. ఆ కాగితం తప్పని అప్పటికి నాకు తెలియదు.

ఫిట్స్ నా చెల్లెలివి. నాకూ ఆమెకూ ఇరవై ఏళ్ళకు పైగా తేడా. మూడో ఏట జ్వరంలో మొదటిసారి వచ్చాయి, చాలాసేపటి దాకా ఆగలేదు. తర్వాత కొన్నేళ్ళు ఊరుకొని, పన్నెండో ఏట మళ్ళీ మొదలయ్యాయి. అమ్మా నాన్నా పోయాక షోలాపూర్ నీలం నగర్‌లో మా ఇంట్లోనే ఉంటోంది. పెళ్ళి మాట తానే వద్దంది. ఇప్పుడు నలభై ఏడు. ఆమె, నా భార్య ఇద్దరూ ముందు గదిలో ఎదురెదురుగా కూర్చొని బీడీలు చేస్తారు.

నేను టవల్ కార్ఖానాలో చెకింగ్ బల్ల దగ్గర ముప్పై ఆరేళ్ళు పనిచేశాను. మగ్గం దిగిన గుడ్డ నా ముందు నుంచి జరుగుతూ పోయేది. పోగు తెగిన చోట, పేక వదులైన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. అంతే పని. ఆ పనిలో చేరిన ఏడు నుంచే డైరీ రాస్తున్నాను. రోజుకొక పేజీ. పైన ఎండా వానా, నల్లా నీళ్ళు వచ్చాయా లేదా. దాని కింద ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం. తర్వాత చేసిన పనులు. చివర ఒక్క వరుస సరదాది, ఆ రోజు ఇంట్లో నవ్వు వచ్చిన సంగతి ఏదైనా ఉంటే. దానికి కూడా చోటు వదిలేవాణ్ణి, ఏమీ లేకపోతే ఖాళీగానే.

పదేళ్ళ కిందట షోలాపూర్ డాక్టరు గోలీలు మార్చాడు. కొత్త గోలీలతో కింద పడటం ఆగిపోయింది. ఒక నెల, రెండు నెలలు, ఆరు నెలలు. నాకు నమ్మకం కుదిరాక ఒక అలవాటు చేశాను. ప్రతి నెలాఖరు ఆదివారం ముందు గదిలో కుర్చీ వేసుకొని, ఆ నెల ఆరోగ్యం వరుసలన్నీ పైకి చదివేవాణ్ణి. చివర, "ఇప్పటికి ఇన్ని నెలలు, ఒక్కటీ లేదు" అని చెప్పేవాణ్ణి. నా భార్య ఆ రోజు నెయ్యి పోసి రవ్వ శీరా చేసేది. చెల్లెలు తల వంచుకొని వినేది. సిగ్గుపడుతోందనుకునేవాణ్ణి.

మూడేళ్ళు నిండాక డైరీలు సంచిలో వేసుకొని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పేజీలు తిప్పి చూసి, ఇన్నాళ్ళు రాలేదంటే మెల్లగా గోలీలు తగ్గించి చూడవచ్చన్నాడు. అన్నట్టే తగ్గించుకుంటూ వచ్చి ఆపేశాడు. ఆయన తప్పేమీ లేదు. నేను చూపించినదాన్ని బట్టి చేశాడు.

ఆపిన ఎనిమిదో నెలలో, నల్లా దగ్గర బిందె పట్టుకొని నిలబడ్డదల్లా చెల్లెలు గట్టు మీద పడింది. మణికట్టు విరిగింది. మళ్ళీ గోలీలు మొదలుపెట్టారు, మోతాదు పెంచారు, ఇంకొకటి కలిపారు. అయినా నెలకొకటో రెండో వస్తూనే ఉన్నాయి. అలా కొన్నేళ్ళు గడిచాయి. చివరికి ఆ డాక్టరే పుణేకు చీటీ రాశాడు. అక్కడొక ఆసుపత్రిలో ఫిట్స్ ఉన్నవాళ్ళ మెదడు ఫోటోలు పెద్ద యంత్రంలో తీసి, లోపలి కణజాలం ఎంత ఆరోగ్యంగా ఉందో కొలుస్తున్నారట. ఎవరికి ఎన్నిసార్లు వచ్చాయి, ఎవరికి లోపల ఎంత పాడైంది అన్నది జతచేసి చూస్తారట. అందుకే ఫిట్స్ లెక్క రాసి తెమ్మన్నారు. అందుకే ఆ గడుల కాగితం.

చెల్లెల్ని యంత్రంలో ముప్పావు గంట పడుకోబెట్టారు. బయటికి వచ్చాక టెక్నీషియన్ అడిగాడు, షోలాపూర్ వాళ్ళకు మగ్గాల చప్పుడు అలవాటే కదా, దీని మోత కష్టం కాలేదు కదా అని. చెల్లెలు నాతో మా ఇంటి తెలుగులో అంది: "మగ్గం చప్పుడుకు నిద్ర వస్తది. దీని చప్పుడుకు ఉన్న నిద్ర పోయింది. గట్లెట్ల ఒకటే అంటడు?"

రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. డాక్టరమ్మ కంప్యూటర్ మీద బొమ్మ చూపించింది. బూడిదరంగులో మెదడు, ఎడమా కుడీ. రెండు అంచులు ఒకదానికొకటి సరిపోతున్నాయా అని చూడటం నేను జీవితమంతా చేసిన పని. ఆమె వేలు పెట్టకముందే నాకు కనిపించింది. లోపల, చెవికి సూటిగా, చిటికెనవేలంత భాగం. ఒకవైపు నిండుగా ఉంది. రెండోవైపు సన్నబడి, తెల్లబడింది.

"ఇది ఎడమవైపు" అంది ఆమె. "జ్ఞాపకాలను నిలబెట్టేది ఇదే. కణాలు చచ్చి, మిగిలింది మచ్చలా గట్టిపడింది. చిన్ననాటి జ్వరంతోనే మొదలై ఉండవచ్చు. కుడివైపుది ఇప్పటికి బాగానే ఉంది. దాని చుట్టూ ఉండే నరాల తీగలు మాత్రం మేమనుకున్నంత బాగా లేవు. కాగితంలో ఉన్న ఫిట్స్‌కు ఇంత అరుగుదల కొంచెం ఎక్కువే అనిపిస్తోంది. కచ్చితంగా చెప్పలేను."

తర్వాత నా తెల్ల గడుల మీద పెన్ను ఆనించింది. "కాకా, అసలు ప్రశ్న ఇక్కడుంది. ఈ మూడేళ్ళు నిజంగా ఏమీ రాలేదంటే గోలీలు మీ చెల్లికి పనిచేస్తాయన్నమాట. అవే గోలీలు సరిచేసుకుంటూ ఇంకొన్నాళ్ళు చూద్దాం. వచ్చాయంటే మాత్రం గోలీల కోసం కూర్చోవడంలో అర్థం లేదు. కుడివైపు బాగుండగానే, పాడైన భాగం తీసేయడం గురించి ఆలోచించాలి. పడిపోయేవే ఫిట్స్ కావు. ఒక దిక్కే చూస్తూ ఉండిపోవడం, పెదాలు చప్పరించడం, చేతులు వాటంతటవే ఏదో చేస్తుండటం. అలాంటివి?"

"లేవమ్మా" అన్నాను. "ఉంటే రాసేవాణ్ణి."

చెల్లెలు పక్కనుంచి నవ్వింది. సగం మరాఠీ, సగం మన మాట కలిపి, "చేతులు ఆగుడెక్కడిది డాక్టర్‌బాయి మా ఇంట్ల? నేనైతే ఖాళీ బీడీలు గూడ చేస్త. రోజు వదినెతోని తిట్లు తింట" అంది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఖాళీ బీడీలంటే ఏమిటని అడిగింది. నేనే చెప్పాల్సి వచ్చింది. తడిపి కత్తిరించిన ఆకులో తంబాకు పోసి చుడతారు, మూతి మడిచి దారం కడతారు. చెల్లెలు అప్పుడప్పుడు పరాకులో తంబాకు పొయ్యకుండానే వట్టి ఆకు చుట్టి చాటలో వేస్తుంది. దారం కూడా ఉండదు. మూడో నాలుగో అలా చుట్టాక తేరుకుంటుంది. నా భార్య వాటిని ఏరి పక్కన పడేస్తుంది.

"ఆ సమయంలో పిలిస్తే పలుకుతుందా?" అని డాక్టరమ్మ అడిగింది.

చెప్పక తప్పలేదు. పలకదు. మేము పిలిచేవాళ్ళం, పలికేది కాదు. తర్వాత, "ఏమన్నరు?" అని అడిగేది. మా ఇంట్లో దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. బీడీలు చేసే ఇళ్ళల్లో చేతులు మనిషితో పని లేకుండా నడుస్తాయి. మాట్లాడుతూ చుడతారు, టీవీ చూస్తూ చుడతారు, కునుకు తీస్తూ చుడతారు. చేతులు ఆగిపోతే ఏమైందని అడుగుతాం. ఆమెవి ఎప్పుడూ ఆగలేదు.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. అవీ ఫిట్సే కావచ్చంది. నెల రోజుల్లో డైరీలు మళ్ళీ చూసి, ఈ చిన్నవాటి లెక్క రాసి పంపమంది. రైల్లో వస్తూ చెల్లెలు కిటికీ పక్కన కూర్చొని వేరుశెనక్కాయలు తింది. నేను కుర్దువాడి స్టేషన్ దాకా ఆ మూడేళ్ళ నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చి ఆ మూడేళ్ళ డైరీలు దించాను. ఆరోగ్యం వరుసలు చదవలేదు, అవి నాకు తెలుసు. పేజీ అడుగున సరదా వరుసలు చదివాను. "ఈ పూట చెల్లె నాలుగు ఖాళీ బీడీలు చుట్టింది. తాగేటోడు గాలి పీల్చాల్నా ఏందే అని మా ఆవిడ అంటే అందరం నవ్వాం." ఇంకో పేజీలో, "చెల్లె మళ్ళీ ఖాళీ బీడీల కార్ఖానా తెరిచింది. మూడుసార్లు పిలిస్తే గానీ పలకలేదు. నవ్వు." అదే పేజీ పైన, నా చేతి రాతలోనే, "ఆరోగ్యం: అందరూ కులాసా." వరసగా చదువుతూ ఒక్కొక్కటీ వేరే పుస్తకంలో ఎక్కించాను. నలభై ఆరు వచ్చాయి. నేను ఇంట్లో ఉండగా జరిగి, అందులోనూ నవ్వు తెప్పించినవి మాత్రమే అవి. నేను కార్ఖానాలో ఉన్న పగళ్ళ సంగతి ఎక్కడా లేదు.

నా భార్యకు చెప్పాను. ఆమె రొట్టెల పిండి పిసుకుతోంది. పిసుకుతూనే ఉంది.

"నేను ఏరి పారేసినయి లెక్క పెడితె నీ నలభై ఆరు ఏ మూలకు" అంది చివరికి. "కట్టల కలిసిపోతె కంపెనీల గడ్‌బడ్ అయితదని చూసుకుంటి. పిల్లకు ఏమైతున్నదని చూడకపోతి."

"ఇప్పుడేం రాయమంటవు?"

"ఒకటో రెండో ఉండెనని రాయి. పదేండ్ల మాట, ఎవలకు యాదికుంటది? నలభై ఆరని రాస్తె తల కోస్తరు. తల, బట్ట కాదు. ఆపరేషన్ బల్ల మీద ఏమన్న అయితె నువ్వు ఆ పుస్తకాల మొఖం చూడగలుగుతవా?"

ఆమె అన్నదాంట్లో నా మనసులో మాట కూడా ఉంది. నిజానికి రెండు భయాలు. ఒకటి ఆపరేషన్. రెండోది ఇంకా చిన్నది, చెప్పుకోలేనిది. నలభై ఆరు అని రాసి పంపితే, గోలీలు ఆపింది నా తప్పుడు రాత చూసి అని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు. డాక్టరమ్మకు కాదు, చెల్లెలికి. వారం రోజులు ఆ పుస్తకం దిండు కింద దాచుకున్నాను. ఆ వారం నా డైరీలో ఆరోగ్యం వరుస దగ్గర ఏం రాయాలో తెలియక వదిలేశాను. ముందు గదిలో ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నాను. ఆకులో తంబాకు పడిందా, పడిందా. రెండుసార్లు పడలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం నా భార్య కంపెనీలో బీడీలు అప్పజెప్పడానికి వెళ్ళింది. నేను పుస్తకం తీసుకొని చెల్లెలి ఎదురుగా, నా భార్య కూర్చునే చోట, కింద కూర్చున్నాను.

"ఏంది, నువ్వు గూడ చాట పట్టుకుంటవా?" అంది.

"నీకు ఒకటి చదివి వినిపియ్యాలె."

"చదువు. చెవులు ఖాళీగనే ఉన్నయి."

తేదీలు చెబుతూ ఒక్కొక్కటే చదివాను. మొదటి నాలుగైదింటికి ఆమె ముక్కుతో నవ్వింది. తర్వాత నవ్వలేదు. పదో దానికి చాట పక్కకు జరిపింది.

"ఇంకెన్ని ఉన్నయి?"

"ముప్పై ఆరు."

"చదువు."

అన్నీ చదివాను. ఆమె చేతులకు అంటిన తంబాకు పొడి కొంగుకు తుడుచుకుంటూ విన్నది.

"అన్నిట్ల నవ్వినమని రాసినవు" అంది.

"అవును."

"నేను నవ్వలే అన్న. తెలివి వచ్చేవరకు మీరిద్దరు నవ్వుతుండేది. ఎందుకో తెల్వక నేను గూడ నోరు తెరిచేదాన్ని."

పుస్తకం మూసి పక్కన పెట్టాను. చెప్పవలసింది చెప్పాను. "గోలీలు బంద్ చేసింది ఈ పుస్తకాలు చూసే. పై వరుస చూపిచ్చిన, కింది వరుస చూపియ్యలే. తప్పు నాది."

ఆమె కొంగు దులుపుకుంది. బయట ఎవరో పాత సామాన్లు కొనే భంగార్‌వాడు సైకిల్ మీద కేక వేసుకుంటూ పోయాడు.

"నీ ఒక్కనిదే ఎట్ల అయితది?" అంది. "నాకు తెలుసు వస్తున్నయని. కడుపులకెల్లి ఏదో ఉబ్బుకుంట గొంతుదాంక వస్తది. ఎన్నడో చూసిన జాగనే మళ్ళ చూస్తున్నట్టు అయితది. ఆ తర్వాత ఏం తెల్వది. చాటల ఖాళీ ఆకులు చూసి సమజ్ చేసుకునేదాన్ని."

"మరి చెప్పకపోతివేందే?"

"ఎట్ల చెప్పాలె? నెలనెల నువ్వు కుర్చేసుకొని చదువుతుంటివి. ఇరవై నెలలు, ఇరవై ఒక్క నెల. వదినె శీరా చేస్తుండె. నువ్వు అద్దాలు తీసి కండ్లు తుడుసుకుంటుంటివి. ఆ మొఖం చూసుకుంట, లేదన్న, పొద్దున్నే ఒకటొచ్చింది అని చెప్పాల్నా? పడతలేను గదా, ఇవి వస్తె వచ్చినయి, ఎవలకేం నష్టం అనుకున్న. గోలీలు బంద్ అంటె సంబరపడ్డ గూడ. నిద్ర మత్తు పోతదని."

నేను ఇన్నేళ్ళూ ఆమె ఆరోగ్యం రాశాను. ఒక్కసారి కూడా ఆమెను అడిగి రాయలేదు. చూసి రాశాను. కార్ఖానాలో గుడ్డను అడిగే పని లేదు.

"కుడిదిక్కుది మంచిగున్నదని అన్నది గదా?" అని ఆమె అడిగింది.

"ఇప్పటికైతే బాగున్నదన్నది."

"ఇవి వస్తనే ఉంటె అది గూడ పోతదా?"

"చెప్పలేమన్నది."

ఆమె గడప వైపు చూసింది, నా భార్య వస్తోందేమోనని. గొంతు తగ్గించింది. "మొన్న వదినె పేరు యాదికి రాలే నాకు. రేషన్ దుకాణంల అడిగిండ్రు. వదినె వదినె అంటనే ఉన్న, పేరు రాలే. ఇంటికొచ్చి గోడ మీది మీ పెండ్లి ఫోటో కింద చదువుకున్న. పోయిన దీపావళికి గూడ ఒకసారి అట్లనే అయింది. నలభై ఆరని రాయి. ఒక్కటి గూడ తగ్గియకు. నేను చెప్పేటియి గూడ రాసుకో."

రాసుకున్నాను. సిటీబస్సులో దిగాల్సిన చోట దిగక చివరిదాకా పోయినవి. గుడిలో తీర్థం పట్టిన చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయినవి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చినవి. తేదీలు ఆమెకు తెలియవు. ఏ పండుగ దగ్గర, ఏ చుట్టం వచ్చినప్పుడు అని చెప్పింది, నేను నెలలు పోల్చుకున్నాను. కొన్ని చెబుతూ మధ్యలో మర్చిపోయింది. అవి సగం వాక్యాలుగానే ఉంచాను. నా భార్య వచ్చి, మమ్మల్ని చూసి, సంచి దింపకుండా అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. వద్దని అనలేదు. కొంచెంసేపటికి తనకు గుర్తున్నవి తానూ చెప్పడం మొదలుపెట్టింది.

కొత్త కాగితం పంపిన నాలుగో రోజు పుణే నుంచి ఫోన్ వచ్చింది. ఆపరేషన్ మాట ఇంకా తేలలేదు. ముందు వారం రోజులు వార్డులో ఉంచి, తలకు తీగలు పెట్టి, కెమెరా ముందు కూర్చోబెడతారు. గోలీలు తగ్గించి ఫిట్స్ వచ్చేదాకా చూస్తారు. ఎక్కడి నుంచి పుడుతున్నాయో తేలాలి. అన్నీ ఎడమవైపు నుంచే అయితే ఒక దారి. కుడివైపు నుంచి కూడా వస్తుంటే తీయడానికి వీలుండదు. ఆ కుడివైపు నరాల తీగలు ఎందుకు బాగా లేవో డాక్టరమ్మ ఇంకా చెప్పలేదు. నేను అడిగితే, "ఊహించి చెప్పను కాకా" అంది. మూడేళ్ళ చిన్నవాటి వల్లనా అని కూడా అడిగాను. దానికీ అదే జవాబు. ఇంకెవరైనా కాదని కొట్టేస్తే బాగుండునని నాకుంది.

నిన్న పొద్దున చేర్పించాం. నర్సు అంగీకార పత్రం నాకు ఇవ్వబోతే చెల్లెలు చెయ్యి చాపి తీసుకుంది. మరాఠీలో ఉన్నదాన్ని వేలు పెట్టి మెల్లగా చదువుకుంది, రెండు చోట్ల అర్థం అడిగింది. తర్వాత మంచం మీద ఆనించి సంతకం మొదలుపెట్టింది. రెండు అక్షరాలు రాసి చెయ్యి ఆగిపోయింది. కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. నేను కుర్చీ తోసి లేచాను, నర్సును పిలవడానికి నోరు తెరిచాను.

ఆమె తలెత్తి చూసింది.

"కూసో అన్న" అంది. "పెన్ను నడుస్తలేదు. నీ జేబులది ఇటియ్యి."